పండ్ల ఫొకాచా చెడిపోతోందా? బెజవాడ ఎండల్లో సమస్యలు, పరిష్కారాలు

ఫొకాచా ఇటలీలోని లిగూరియా తీరం రొట్టె. అక్కడి జెనోవా నగరంలో పిండిని ట్రేలో పరిచి, వేళ్లతో గుంటలు నొక్కి, ఆలివ్ నూనె, ఉప్పునీళ్లు పోసి కాలుస్తారు. మనకు దొరికే రెసిపీలు చాలావరకు చల్లటి ఊళ్లలో రాసినవే. "గది ఉష్ణోగ్రతలో రెండు గంటలు పొంగనివ్వండి" అంటే వాళ్ల గదిలో 20-24 డిగ్రీలు. మే నెలలో పటమటలోనో భవానీపురంలోనో వంటింట్లో 35 దాటే ఉంటుంది. ఆ తేడా పట్టించుకోకుండా గడియారం చూసి చేస్తే ఎంత మంచి రెసిపీ అయినా బెడిసికొడుతుంది. పైన పండ్లు పెడితే ఇంకో చిక్కు. పండులో ఎక్కువ భాగం నీళ్లే. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ రెండిట్లోనే ఉంది.

లెక్క కోసం ఈ కొలతలు పెట్టుకుందాం: మైదా 400 గ్రాములు, నీళ్లు 280, ఉప్పు 8, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3, పిండిలోకి నూనె 20, పైన పండు 200 గ్రాములు. 10 అంగుళాల చదరపు ట్రే. గ్లాసులతో, కప్పులతో కొలవొద్దు. వంటింట్లో చిన్న త్రాసు ఉంటే సగం టెన్షన్ పోతుంది.

బాగా పొంగింది, వేళ్లు పెట్టగానే చతికిలబడింది

ముద్ద గిన్నె అంచు దాకా వచ్చింది, చూడముచ్చటగా ఉంది. గుంటలు నొక్కగానే గాలంతా పోయి జారిపోయింది. మూత తీస్తే పుల్లటి, కల్లులాంటి వాసన. కాలిస్తే పల్చగా, రంగు లేకుండా వచ్చింది.

కారణం అతిగా పులవడం. వేడి 8-10 డిగ్రీలు పెరిగితే ఈస్ట్ పనిచేసే వేగం సుమారు రెట్టింపవుతుంది. ఎండాకాలంలో రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొర్లిపోతుందే, ఇదీ అంతే. పులుపు ఎక్కువైతే గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్) బలం తగ్గి, గాలిని పట్టి ఉంచలేదు. పిండిలోని చక్కెర ఈస్ట్‌కే ఖర్చయిపోతుంది కాబట్టి పైన బంగారు రంగు కూడా రాదు.

మార్చి నుంచి జూన్ దాకా ఈస్ట్ సగానికి, అంటే ఒకటిన్నర గ్రాముకు తగ్గించండి. ఫ్రిజ్ నీళ్లతో కలపండి. గంటసేపు బయట ఉంచి, మూత పెట్టి ఫ్రిజ్‌లో 12 నుంచి 18 గంటలు వదిలేయండి. మా ఊరి ఎండలకు ఇంతకంటే నమ్మకమైన దారి నాకు తెలియదు. రుచి కూడా ఇలా చల్లగా, నెమ్మదిగా పులిస్తేనే బాగుంటుంది. మర్నాడు ట్రేలోకి మార్చాక బయట 40 నిమిషాల నుంచి గంట చాలు. కానీ నిమిషాలు లెక్కపెట్టడం కన్నా పిండిని చూడటం మేలు. చూపుడు వేలు నూనెలో ముంచి అర అంగుళం లోతుకు నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. మెల్లగా సగం పూడి ఆగితే ఓవెన్‌లో పెట్టే సమయం వచ్చినట్టే. అసలు పూడకుండా చుట్టుపక్కల బుడగలు చిట్లి కుంగితే దాటిపోయింది.

దాటిపోయిన పిండిని పారేయకండి. కొంచెం దాటితే మళ్లీ ముద్ద చేసి అరగంట పొంగనిచ్చి కాల్చొచ్చు. మరీ జావగా మారితే ట్రేలో పల్చగా పరిచి, వాము, ఉప్పు చల్లి కరకరలాడేలా కాల్చుకోండి. దాని మీద పండ్లు మాత్రం పెట్టొద్దు, మోయలేదు.

పండు కింద పిండి పచ్చిగా, బంకగా ఉండిపోయింది

అంచులు ఎర్రగా కాలాయి, కోసి చూస్తే పండు ఉన్నచోట తెల్లటి బంక. ఎక్కువమంది దగ్గర చెడేది ఇక్కడే.

ద్రాక్ష, జామ, మామిడి, అన్నిట్లోనూ బరువులో 80 శాతానికి అటూఇటూగా నీళ్లే. కోసిన పండు వేడికి రసం వదులుతుంది. ఆ రసం గుంటలోకి దిగి అక్కడి పిండిని తడిపేస్తుంది. తడి ఆరేదాకా ఆ చోటు వేడెక్కదు, పిండి గట్టిపడదు.

ద్రాక్ష అయితే కోయకండి. జనవరి నుంచి మార్చి దాకా బండ్ల మీద దొరికే గింజలేని నల్ల ద్రాక్ష దీనికి చక్కగా సరిపోతుంది. కడిగి, గుడ్డ మీద పరిచి, తొడిమ దగ్గర చుక్క నీరు కూడా లేకుండా ఆరనివ్వండి. ఒక్కో పండును సగం వరకు పిండిలోకి నొక్కాలి. ఇటలీలోనే టస్కనీలో ద్రాక్ష కోతల కాలంలో వైన్ ద్రాక్షతో ఇలాంటి రొట్టె చేస్తారు. దాంట్లో రసం పొంగి పారడమే అందం, కానీ అక్కడ పిండి పల్చగా పరిచి బాగా ఎక్కువసేపు కాలుస్తారు. మన మందపాటి ఫొకాచాకు అంత రసం పనికిరాదు.

మామిడికి రకం ముఖ్యం. నున్న మార్కెట్ నుంచి ఊరంతా మామిడి దిగే రోజుల్లో చేతికి ఏది అందితే అది వేయాలనిపిస్తుంది. రసాలు వద్దు, అవి పిండుకుని తినడానికే పుట్టాయి. దోరగా ఉన్న బంగినపల్లి తీసుకోండి. వేలి మందాన ముక్కలు కోసి, చెంచా పంచదార, చిటికెడు ఉప్పు కలిపి జల్లెడలో 20 నిమిషాలు ఉంచండి. కిందికి దిగిన రసాన్ని చిన్న గిన్నెలో చిక్కబడేదాకా కాచి, కాలిన రొట్టె మీద రాయండి. ముక్కల్ని మాత్రం గుడ్డతో అద్దాకే పెట్టాలి.

నన్నడిగితే మన ఊళ్లో ఫొకాచాకు అన్నిటికన్నా నప్పేది దోర జామ. గట్టిగా ఉంటుంది, రసం తక్కువ వదులుతుంది, గింజ తీసేసి పల్చటి ముక్కలు కోస్తే అంచులు కొద్దిగా ఎర్రబడి తియ్యగా మారుతాయి. బండి మీద ఉప్పూకారం చల్లిన జామకాయ రుచి తెలిసినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు.

పండు ఏదైనా 200 గ్రాములు దాటనివ్వొద్దు. ముక్కకూ ముక్కకూ మధ్య అంగుళం ఖాళీ ఉండాలి. ట్రేను ఓవెన్‌లో కింది అరలో పెట్టండి. దించేముందు గరిటెతో ఒక మూల ఎత్తి చూడండి, అడుగు గోధుమ రంగులో గట్టిగా కనిపించాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి, 95 డిగ్రీలు దాటాలి.

అనాస పెట్టినచోట పిండి కరిగిపోయింది

ఇది తడి సమస్య కాదు. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. గ్లూటెన్ ప్రొటీనే కదా. బొప్పాయి, ముఖ్యంగా పచ్చిది, ఇదే పని చేస్తుంది. అనాస ముక్కల్ని బాణలిలో నాలుగైదు నిమిషాలు బాగా వేడెక్కేలా, నీరు ఇగిరేలా వేయించి, చల్లార్చి పెడితే ఆ బాధ ఉండదు. డబ్బాలో వచ్చే అనాస తయారీలోనే ఉడికి ఉంటుంది కాబట్టి నీరు వడగట్టి వాడుకోవచ్చు.

ఆకులు నల్లబడి చేదెక్కాయి

రోజ్‌మేరీ అనే సువాసన ఆకు సన్నగా, గట్టిగా ఉంటుంది, 220 డిగ్రీల వేడికి కొంతవరకు తట్టుకుంటుంది. పుదీనా, కొత్తిమీర, తులసి తట్టుకోవు. వాటిని కాలేముందు పైన చల్లితే బూడిదే మిగులుతుంది. ఈ మెత్తటి ఆకుల్ని రొట్టె దించాక, వేడి మీదే చల్లండి.

రోజ్‌మేరీ మన దగ్గర ఎక్కువగా ఎండుదే దొరుకుతుంది. అలాగే చల్లితే పుల్లల్లా గుచ్చుకుంటుంది. గోరువెచ్చటి నూనెలో పావుగంట నానబెట్టి, ఆ నూనెతో సహా పోయండి. కుండీలో వామాకు ఉంటే అదీ చాలా బాగుంటుంది, ముఖ్యంగా నల్ల ద్రాక్షతో. ఆకు మందం, నీరు ఎక్కువ, ఘాటూ ఎక్కువ. రెండు మూడు ఆకులు సన్నగా తరిగి నూనెలో కలిపితే మొత్తం ట్రేకు చాలు. కరివేపాకు కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, నూనె పట్టించి, పిండిలోకి నొక్కాలి. పైన తేలుతూ ఉన్న రెబ్బ మాడుతుంది, లోపలికి దిగిన రెబ్బ కరకరలాడుతుంది.

గుంటూరు మిరప విషయంలోనూ ఇదే జాగ్రత్త. కచ్చాపచ్చాగా దంచిన సన్నం మిరపను ముందే చల్లితే మాడి ఇల్లంతా ఘాటు. గోరువెచ్చటి నూనెలో కలిపి పక్కన పెట్టుకుని, దించాక జామ ముక్కల మీద చుక్కలు చుక్కలుగా వేయండి.

పండు మాడింది, రొట్టె ఇంకా తెల్లగానే ఉంది

ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంట్ ఓవెన్‌లో) పై రాడ్ ట్రేకు మరీ దగ్గరగా ఉంటే జరిగేది ఇది. పండులోని చక్కెర ముందు మాడుతుంది. రెండు రాడ్లూ వేసి 20 నిమిషాలు ముందే వేడి చేయండి, ట్రే కింది అరలో పెట్టండి. మొదటి 12 నిమిషాలు పండ్లు లేకుండా కాల్చి, ఆ తర్వాత ముక్కలు పెట్టి మరో 12-15 నిమిషాలు కాల్చడం ఇంకో పద్ధతి. మామిడికి నేనిదే చేస్తాను. ఖర్జూరం, కిస్‌మిస్ అయితే పైన పెట్టకుండా పిండిలోపలే కలిపేయండి.

పైన తెల్లగా, లోపల ఎండిపోయి బిస్కెట్‌లా ఉంది

ఓవెన్ వేడి చాలక ఎక్కువసేపు ఉంచితే తడి ఆరిపోతుంది, రంగు రాదు. డయల్ 230 చూపిస్తున్నా లోపల అంత లేకపోవచ్చు. ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. గాజు పాత్ర మానేసి నల్లటి ఇనుము లేదా అల్యూమినియం ట్రే వాడండి. మధ్యలో కరెంట్ పోతే తలుపు తీయకండి, వేడి కాసేపు నిలుస్తుంది.

రంధ్రాలు లేవు, గట్టిగా ఉంది

చేతికి అంటుకుంటోందని పొడి పిండి చల్లుతూ పోతే వచ్చే ఫలితం ఇది. ఫొకాచా పిండి అంటుకునేలాగే ఉండాలి. పిసకొద్దు. చేతులు తడి చేసుకుని, ఒక అంచు పట్టి లాగి మధ్యకు మడవండి, గిన్నె తిప్పుతూ నాలుగు వైపులా. 20 నిమిషాలకొకసారి, మూడు సార్లు. మొదట పేస్ట్‌లా తెగిపోయే పిండి మూడోసారికి నున్నగా, తెగకుండా సాగుతుంది. వానాకాలంలో మైదా తేమ పట్టి ఉంటుంది, 15-20 గ్రాముల నీళ్లు ఆపి అవసరమైతేనే పోయండి. గోధుమపిండి సగం కలిపితే నీళ్లు ఇంకాస్త పెంచాలి, రంధ్రాలు మాత్రం తగ్గుతాయి.

అసలు పొంగనే లేదు

ఈస్ట్ చచ్చిపోయింది. షాపులో ఎండ తగిలే చోట ఉన్న ప్యాకెట్ కావొచ్చు, తెరిచి బయట వదిలేసింది కావొచ్చు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి కాలేటంత వేడిగా వచ్చిన నీళ్లూ కావొచ్చు. 55-60 డిగ్రీల దగ్గర ఈస్ట్ బతకదు. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు పంచదార, ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురగ రాకపోతే కొత్త ప్యాకెట్ తెచ్చుకోవడమే. తెరిచిన ప్యాకెట్ బిగుతు డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉండాలి.

ట్రేకు అంటుకుంది, మర్నాటికి పాడైంది

పండు రసం ట్రేను తాకితే పాకంలా పట్టేస్తుంది. బటర్ పేపర్ పరిచి దాని మీద రెండు చెంచాల నూనె పోయండి. అడుగుకు గానుగ వేరుశనగ నూనె చాలు, ఆలివ్ నూనె పైకి దాచుకోండి. దించిన ఐదు నిమిషాల్లో జాలీ మీదకు తీయాలి, ట్రేలోనే ఉంటే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది.

మన ఉక్కకు పండ్ల రొట్టె బయట ఒక పూటే. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. మిగిలింది ముక్కలు కోసి, కవర్‌లో గాలి లేకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తినేటప్పుడు దోసె పెనం మీద సన్నటి మంటపై, మూత పెట్టి అడుగు వేడెక్కేదాకా ఉంచితే సరిపోతుంది.