మన బీపీ మనమే చూసుకుందాం – మూడో పాఠం: కుర్చీ, పట్టీ, నోటుబుక్కు

గుండె ముడుచుకున్నప్పుడు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడి పై అంకె, గుండె సేదతీరేటప్పుడు మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె అని రెండో పాఠంలో చెప్పుకున్నాం. ఇవాళ చేతిపని. మిషన్ ముందు పెట్టుకుని చదవండి.

దేవరకొండ వైపు పల్లెల్లో నర్సుగా పనిచేసిన రోజుల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట: "తల తిరిగితే అప్పుడు చూపించుకుంటానులే అమ్మా." బీపీ అలా కబురు పెట్టి రాదు. ఒక మధ్యాహ్నం భార్యకు తోడుగా వచ్చిన రైతు, రద్దీ లేదు కదా అని ఊరికే చెయ్యి చాపాడు. 190/110. పొద్దుటి నుంచి పత్తిచేలో పని చేసి వచ్చిన మనిషి. "నాకేం కాలేదు, మీ మిషనే పాడైంది" అన్నాడు. కాసేపు కూర్చోబెట్టి రెండో చేతికీ చూశాను, భార్యకూ చూశాను. ఆమెకు 124/78. మిషన్ బాగానే ఉంది.

కానీ తప్పుగా చూస్తే మంచి మిషన్ కూడా అబద్ధం చెబుతుంది. మరో రోజు ఒకామె బస్సు దిగి, ఎండలో నడిచి, మెట్లెక్కి వచ్చి కూర్చుంది. కూర్చోగానే పట్టీ చుట్టాం. కోడలి సంగతి చెబుతూనే ఉంది. పై అంకె 168. బాత్రూముకు వెళ్లి రమ్మని, ఫ్యాను కింద మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 142. మొదటి అంకెనే చీటీ మీద రాసి పంపి ఉంటే ఆమెకు ఒక మాత్ర ఎక్కువ పడేది.

అందుకే ముందు కుర్చీ. నులక మంచం అంచున కూర్చుంటే వీపుకు ఆనుడు ఉండదు, కాళ్లు వేలాడతాయి. వీపు ఆనే కుర్చీ వేసుకోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి గాలిలో ఉండకూడదు, ఒళ్లోనూ కాదు. పట్టీ గుండె ఎత్తున ఉండాలి. బల్ల లేకపోతే బియ్యం డబ్బా మీద దిండు వేసి దానిపై చెయ్యి పెట్టండి, చక్కగా సరిపోతుంది. చాయ్, బీడీ, అంబలి ఏదైనా అరగంట ముందే అయిపోవాలి. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే మీట నొక్కండి. మిషన్ నడుస్తున్నంతసేపు మాట్లాడవద్దు, ఫోను మోగినా సరే.

ఇక పట్టీ. కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇదే: నా చేతికి ఇది సరిపోతుందా? దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ నడుమ చుట్టుకొలత తీసుకోండి. ఎన్ని సెంటీమీటర్ల చేతికి సరిపోతుందో పట్టీ మీదే అచ్చు వేసి ఉంటుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. రవిక చెయ్యి పైకి మడిచి బిగిస్తే అదే ఇంకో పట్టీలా నొక్కుతుంది, వదులు నైటీ మేలు. మణికట్టుకు పెట్టుకునే మిషన్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ నాకు వాటి మీద నమ్మకం లేదు.

మొదటి రోజు రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇకపై ఆ చెయ్యే. రెండింటికీ తేడా 15 దాటుతూ ఉంటే డాక్టరుకు చెప్పండి.

నోటుబుక్కులో ఏడు రోజులకు గళ్లు గీయండి. పొద్దున మాత్ర, టిఫిను కాకముందు రెండుసార్లు, సాయంత్రం తిండికి ముందు రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం విరామం. నచ్చని అంకె వచ్చిందని కొట్టేయవద్దు. మొదటి రోజు బెరుకు ఉంటుంది కనుక దాన్ని వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఒకరి పుస్తకంలో రోజువారీ సగటు పై అంకెలు 142, 138, 146, 134, 140, 140 అనుకుందాం. కూడితే 840, ఆరుతో భాగిస్తే 140. కింది అంకెలు 88, 86, 90, 84, 86, 88. మొత్తం 522, సగటు 87. దవాఖానాలో 140/90 గీత అయితే, ఇంట్లో చూసుకున్నప్పుడు గీత 135/85. కాబట్టి ఈ మనిషికి బీపీ ఉందనే అనుకుని పుస్తకంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అదే పుస్తకంలో చివరి గడి నొప్పి మాత్రలకు. ఈ గడి మన నల్గొండ జిల్లా కోసమే పెట్టాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లు ఎందరో. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి గానీ, పాత నీళ్లు ఎముకల్లో చేసిన నష్టం వెనక్కి పోలేదు. నొప్పి ఓర్చుకోలేక డైక్లోఫెనాక్ వంటి మాత్రలు రోజూ వేసుకుంటారు. అవి బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మందుల పనిని తగ్గిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. డాక్టరు అడిగితే "బీపీ మాత్ర ఒక్కటే" అంటారు, నొప్పి గోలీని మందుగా లెక్కేయరు. వేసుకున్న రోజు ఆ గడిలో చుక్క పెట్టండి, చాలు.

ఒకవేళ 180/120 దాటి కనిపిస్తే అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి పడిపోవడం, చూపు మసకబారడం – వీటిలో ఏది ఉన్నా వెంటనే 108. మూతి, మాట, చెయ్యి తేడాగా ఉంటే మిషన్‌లో ఎంత చూపించినా సరే, ఆగవద్దు. ఏ లక్షణమూ లేకుండా అంకె మాత్రం అలాగే ఉంటే ఆ రోజే డాక్టరును కలవండి. మీ అంతట మీరు రెండో మాత్ర వేసుకోవద్దు. నాలుక కింద బీపీ గోలీ పెట్టే సలహా ఇంకా వినిపిస్తూ ఉంటుంది; ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం అందదు.

నాలుగో పాఠం బీపీ మాత్రల గురించి: ఆమ్లోడిపిన్‌తో పాదాలు ఎందుకు వాస్తాయి, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు ఎందుకు వస్తుంది. ఈలోగా ఏడు రోజుల గళ్లు నింపి ఉంచండి, ఆ లెక్కలతోనే మొదలుపెడతాం.