తోబుట్టువుతో చెరువు గట్టున: బంగారు తీగకు బెండు గాలం వేసే పద్ధతి

బంగారు తీగ చేపను పట్టడానికి ఎన్నో పద్ధతులున్నా, అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో కలిసి తీరుబడిగా ఒక రోజు గడపాలనుకున్నప్పుడు బెండు గాలాన్ని మించినది లేదని నా నమ్మకం. ఇద్దరికీ కలిపి ఒకే గాలం తీసుకెళ్లండి. రెండు గాలాలు వేస్తే ఎవరి బెండును వారు చూసుకుంటూ కూర్చుంటారు, దారాలు చిక్కుపడతాయి, ఒకరికి చేప పడగానే రెండోవారు తమ గాలాన్ని హడావిడిగా పైకి తీయవలసి వస్తుంది. ఒకే గాలమైతే ఒకరు కర్ర పట్టుకుంటే మరొకరు మేత చల్లుతూ, వల అందుబాటులో ఉంచుకొని, అదే బెండును చూస్తూ ఉంటారు. చేప పడినా పడకపోయినా గంటకొకసారి పని మార్చుకోవాలని ముందే అనుకుంటే చిన్నవాళ్లకు తమ వంతు ఎప్పుడొస్తుందోనన్న బెంగ ఉండదు.

ఈ చేప ఎక్కువగా నీటి అడుగున మేస్తుంది. నోటికి ఇరువైపులా రెండేసి చొప్పున ఉండే మీసాలతో బురదను తడుముతూ, పెదవులను ముందుకు సాచి, ఒండ్రుతో సహా మేతను లోపలికి పీల్చి, పనికిరానిదాన్ని వెంటనే బయటికి ఊదేస్తుంది. దవడల్లో పళ్లు ఉండవు. గొంతులో ఉన్న పళ్లతోనే గింజలనూ నత్తలనూ నలుపుతుంది. కాబట్టి ఎర అడుగున ఆని ఉండాలి, అది చేప నోట్లో ఉన్న ఆ కొద్ది క్షణాల్లోనే బెండు మనకు కబురు చెప్పాలి. దీని గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకలు ఉండడం వల్ల వినికిడి చాలా చురుకుగా ఉంటుంది. గట్టు మీద బరువుగా అడుగులు వేసినా, పెట్టెలను దబీమని దించినా ఆ అదురు నీటిలోకి చేరుతుంది. మెల్లగా మాట్లాడుకోవడం వల్ల మాత్రం నష్టమేమీ లేదు.

నీరు వెచ్చబడి 20 డిగ్రీలు దాటే రోజుల్లో, తెల్లవారుజామునా సాయంత్రం పూటా ఇది బాగా మేస్తుంది. వచ్చీరాగానే గాలం విప్పకుండా కాసేపు నీటిని గమనించండి. సన్నని బుడగలు గుంపుగా పైకి రావడం, ఒకచోట మాత్రమే నీరు బురదగా మారడం, గాలి లేకుండానే జమ్ము కదలడం చేప అక్కడ మేస్తోందనడానికి గుర్తులు. కలువ ఆకుల అంచు మంచి చోటే గాని, మునిగిన కొమ్మలకు మరీ దగ్గరగా గాలం వేస్తే పడిన చేప వాటిలోకి దూరి దారాన్ని తెంపుతుంది.

సామాను గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. మూడున్నర, నాలుగు మీటర్ల మెత్తని కర్ర, రీలు, సుమారు మూడు కిలోల బరువు తట్టుకునే నైలాన్ దారం, 8 నుంచి 12 వరకు ఉన్న సైజు అంకెల్లో ఏదో ఒక గాలపు ముల్లు చాలు. ముల్లుకుండే ఎదురు కొనను పటకారుతో నొక్కేస్తే తర్వాత చేపనోటి నుంచి సులువుగా వస్తుంది. బరువుకు సీసానికి బదులు వేరే లోహపు గుళ్లు వాడండి. నీటి పక్షులు సీసపు గుళ్లను గులకరాళ్లనుకొని మింగి విషంతో చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసపు బరువుల అమ్మకాన్ని నిషేధించారు.

రోజంతా ఎలా సాగుతుందో నిర్ణయించేది లోతు కొలవడమే. ఈ పనిలో తొందరపడవద్దు. బెండును దాని కింది కొన దగ్గర మాత్రమే దారానికి బిగించి, ముల్లుకు ఒక బరువు తగిలించి, మేత వేయదలచిన చోటికే విసరండి. బెండు మునిగిపోతే నీరు మీరు పెట్టిన లోతుకంటే ఎక్కువ ఉన్నట్టు, కాబట్టి బెండును ముల్లుకు దూరంగా జరపాలి. నీటి మీద వాలిపోతే దగ్గరగా జరపాలి. కొన మాత్రమే కనబడే స్థానం దొరికాక మరో పది సెంటీమీటర్లు దూరం పెంచండి. ఇప్పుడు ఆ బరువు తీసేసి, బెండును ముంచగలిగినంత గుండును ముల్లుకు ఐదారు సెంటీమీటర్ల పైన నొక్కండి. గాలం వేశాక కర్రను ఊతం మీద ఆనించి, బెండు నిటారుగా నిలిచేదాకా రీలును నెమ్మదిగా తిప్పండి. చేప ఎరను నోట పట్టి తల ఎత్తినప్పుడు అడుగున ఉన్న గుండు కూడా లేస్తుంది, దాని బరువు తొలగిన బెండు మునగడానికి బదులు పైకి పొడుచుకొచ్చి పక్కకు వాలిపోతుంది. ఎన్నిసార్లు చూసినా గుండె ఝల్లుమనే దృశ్యం అది. కర్ర ఎత్తవలసింది అప్పుడే. బెండు ఊరికే వణికితే చేప దారానికి రాసుకుంటోందని అర్థం, ఓపిక పట్టండి.

నానబెట్టి మెత్తగా ఉడికించిన మొక్కజొన్న గింజలు, రొట్టె ముక్క, పిండి ముద్ద, వానపాము, వీటిలో ఏదైనా ఎరగా పనికొస్తుంది. ముల్లు కొన కొద్దిగా బయటికి కనబడాలి. మేతగా మొదట ఒక గుప్పెడు గింజలు, ఆపైన పది నిమిషాలకొకసారి నాలుగైదు గింజలు బెండు చుట్టూ వేస్తే చాలు. కడుపు నిండిన చేప మన ఎర వైపు చూడదు.

చేప పడగానే మొదటి పరుగును ఆపబోకండి; దారం తెగేలోపే జారేటట్టు రీలు బిగువును ముందుగానే సరిచేసి ఉంచాలి. వల పట్టినవారు దాన్ని నీటిలో ముంచి కదలకుండా ఉంచాలి, చేపను వల మీదికి తేవడం కర్ర పట్టినవారి పని. వలతో చేప వెంటపడితే అది బెదిరి మళ్లీ పారిపోతుంది. ఈ సమయంలో ఒకరే మాట్లాడాలి, అది కర్ర పట్టినవారే అయితే మంచిది.

చేతులు తడిపాకే చేపను తాకండి, పొడి చేతులు దాని మీది జిగురు పొరను పోగొడతాయి. వీపు రెక్క ముందున్న రంపపు ముల్లు వలలో చిక్కుకుంటుంది కనుక మెల్లగా విడిపించండి. వదిలేయదలచుకుంటే చేపను నీటిలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకొని అది తనంతట తాను కదిలేదాకా ఆగండి. పట్టడానికి అనుమతి, ఇంటికి తీసుకెళ్లడానికి ఉన్న నియమాలు ముందే తెలుసుకొని ఉండాలి. తెగిన దారం ముక్కలు పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి కాబట్టి ఒక్కటి కూడా గట్టున వదలవద్దు. తడి వలతో ఒక చెరువు నుంచి మరో చెరువుకు చేపల రోగాలు చేరతాయి, అందుకే పూర్తిగా ఎండబెట్టాకే దాన్ని మరోచోట వాడండి.