వియన్నాకా, బుడాపెస్ట్‌కా: ఎలా తేల్చుకోవాలి?

ఆస్ట్రియా రాజధాని వియన్నా, హంగరీ రాజధాని బుడాపెస్ట్ రెండూ డాన్యూబ్ నది ఒడ్డునే ఉన్నాయి, రెండింటికీ యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది కాబట్టి, ముందుగా ఆలోచించవలసింది మీకు రోజు ఎలా గడవాలని ఉందన్నదే. చిత్రాల ముందు గంటల తరబడి నిలబడగలిగేవారికి వియన్నా తగినది. 1891లో తెరిచిన కళాచరిత్ర మ్యూజియంలో చిత్రకారుడు బ్రూగల్ గీసిన బాబెల్ గోపురం (బైబిల్ కథలో ఆకాశాన్ని అంటేలా కట్టబూనిన కట్టడం) చిత్రాన్ని దగ్గరగా చూస్తే, కట్టడమంతటా చీమల్లా మసలుతున్న పనివాళ్లు, రాళ్లెత్తే యంత్రాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆ పైన కాళ్లలో సత్తువ మిగిలి ఉంటే, స్టేట్ ఒపేరా అనే సంగీత నాటకశాలలో నిలబడి చూసే టికెట్లు చవకగానే దొరుకుతాయి.

ఆరుబయట తిరగడమే ఇష్టమైతే బుడాపెస్ట్ మేలు. చీకటి పడ్డాక నగరంలో నదికి పడమటి భాగమైన బుడా వైపు నదీతీరాన నిలబడి, అవతలి ఒడ్డున దీపాలతో వెలిగే పార్లమెంటు భవనాన్ని చూడటానికి టికెట్ అక్కర్లేదు. 1913లో ప్రారంభమైన సేచెన్యి స్నానశాలలో గడ్డకట్టే చలిలో సైతం ఆకాశం కింద వేడినీళ్లలో కూర్చోవచ్చు. ఖర్చు సాధారణంగా ఇక్కడే తక్కువ, అయితే ఇక్కడి నాణెం యూరో కాదు, ఫోరింట్.

వారం రోజుల వ్యవధి ఉంటే ఈ చర్చే అనవసరం, ఎందుకంటే రెండింటి మధ్య రైలు ప్రయాణం మూడు గంటల లోపే. మూడు రోజులే ఉంటే మాత్రం ఒక్క నగరంలోనే ఉండండి.