వేసవి సాయంత్రం ఆరుబయట బ్లూస్, ఒగ్గు కథ: వరంగల్ నిర్వాహకులకు ఒక మార్గదర్శిక

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ మొదటి వారం వరకు వారానికొక సాయంత్రం ఆరుబయట సంగీత సభ నడపాలని హనుమకొండ, కాజీపేట, వరంగల్ ప్రాంతాల యువజన సంఘమో కాలనీ సంఘమో సంకల్పించినప్పుడు, వేదిక ఎక్కడ అన్నదాని కంటే ముందు తేల్చుకోవలసింది ఏ సంగీతానికి ఎంత సమయం కావాలన్నది. బ్లూస్ గాయకుడిని, ఒగ్గు కథ బృందాన్ని, తోలు మూతకు తీగ కట్టిన జమిడికను వాయించే బైండ్ల కళాకారుడిని ఒకే సాయంత్రం పిలవవచ్చు. వారి సంగీతాలు ఒకదాని పక్కన ఒకటి చక్కగా నిలుస్తాయి కూడా. అయితే జనం వచ్చి కూర్చునేదాకా పది నిమిషాలు వాయించి దిగిపొమ్మని జానపద కళాకారులకు చెప్పే అలవాటు మన సభల్లో పాతుకుపోయింది. దానిని వదులుకోలేని నిర్వాహకులు ఈ పని చేపట్టకపోవడమే మేలు.

బ్లూస్ అమెరికాలోని మిసిసిపీ ప్రాంతపు నల్లజాతి శ్రామికుల మధ్య పుట్టి, పట్నాలకు వలస వెళ్లిన వారితో పాటు షికాగో వంటి నగరాలకు చేరిన సంగీతం. దాని ప్రధానమైన అచ్చులో పన్నెండు ఆవర్తాలుంటాయి: గాయకుడు ఒక పాదం పాడి, దానినే మళ్లీ పాడి, మూడో పాదంతో ముగిస్తాడు; ప్రతి పాదం చివర మిగిలే ఖాళీలో గిటారో మౌత్ ఆర్గానో జవాబు చెబుతుంది. ఒక్కో పాట నాలుగైదు నిమిషాలే కనుక ముప్పావు గంటలో ఎనిమిది పాటలు హాయిగా పడతాయి. ఒగ్గు కథ అలా ముక్కలయ్యేది కాదు. ప్రధాన కథకుడు, అతనికి వంతలు, డోలు, తాళం కలిసి బీరప్పనో మల్లన్ననో ఎల్లమ్మనో తెల్లవార్లూ నడిపించగల సంప్రదాయమది. జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య దానిని ఢిల్లీ వేదికల దాకా తీసుకెళ్లినప్పుడు కూడా కథను కథగానే చెప్పారు. పది నిమిషాలు ఇస్తే మిగిలేది డోలు విన్యాసమే తప్ప కథ కాదు. కాబట్టి బృందానికి కనీసం గంట సమయం ఇచ్చి, ఒక ఘట్టాన్ని మొదలు నుంచి చివరి దాకా చెప్పమని కోరాలి. ఏ ఘట్టమన్నది బృంద నాయకుడే నిర్ణయించుకోవాలి. ఆరంభంలో మోగే డప్పును మినహాయిస్తే, ఒక సాయంత్రానికి మూడు ప్రదర్శనల కంటే ఎక్కువ పెట్టకపోవడం ఈ లెక్క నుంచే వస్తుంది.

కళాకారులతో మాటలు సంక్రాంతికి ముందే మొదలుపెట్టాలి. కొమురవెల్లి, అయినవోలు మల్లన్న జాతరలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతాయి కనుక ఆ రోజుల్లో ఒగ్గు బృందాలు దొరకడం కష్టం. ఉగాది తరువాత పెళ్లిళ్లు, ఊరి పండుగలు డప్పు బృందాలను పట్టేస్తాయి. బ్లూస్ వాయించేవారు మన జిల్లాల్లో అరుదు కాబట్టి హైదరాబాద్ నుంచి పిలవవలసి ఉంటుంది. నలుగురైదుగురి బ్యాండ్ కంటే ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్‌తో వచ్చే ఇద్దరిని మొదటి ఏడాది ఎంచుకుంటే మంచిది. డ్రమ్స్, బాస్, ఆంప్లిఫయర్ల అద్దె భారం తగ్గుతుంది, కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి ఆటోలో మైదానానికి చేరేంత సామానే ఉంటుంది.

స్థలం విషయంలో ఖిలా వరంగల్ తోరణాల ముందు వేదిక అనే ఊహ అందరికీ వస్తుంది. రక్షిత కట్టడాల పరిధిలో సభ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి, అది త్వరగా వచ్చేది కాదు. తొలి ఏడాది ఆ ఊహను పక్కనపెట్టి ఒక కాలేజీ మైదానాన్నో నగర పాలక సంస్థ పార్కునో చూసుకోవాలి. లౌడ్ స్పీకర్‌కు పోలీసు అనుమతి వేరుగా తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్ కాగా, స్పీకర్లు వాడే చోట మైదానం హద్దు దగ్గర ఆ ప్రాంత పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ గాని, 75 డెసిబెల్స్ గాని, ఏది తక్కువైతే దానిని దాటకూడదు. అంటే ఇళ్ల మధ్య మైదానంలో గోడ దగ్గర 65 కంటే మించరాదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది కనుక కాలేజీ మైదానాన్ని ఎంచుకున్నవారు ఈ సంగతిని పోలీసులతో ముందే మాట్లాడుకోవాలి. మే నెలలో ఎప్‌సెట్‌కు చదువుకునే పిల్లలు చుట్టుపక్కల ఇళ్లలో ఉంటారు. పరీక్షల వారంలో సభ మానుకుంటే ఆ వీధి వారు మిగతా వారాలు మీ వైపు నిలుస్తారు.

మే నెలలో ఓరుగల్లులో పొద్దు గూకేది ఆరున్నర దాటాకే. సభను ఏడు గంటలకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించడం అనువైన పద్ధతి. వేదికను మైదానానికి ఉత్తరాన గాని దక్షిణాన గాని కట్టాలి. పడమటి కొసన కడితే ముందుగా వచ్చిన జనానికి ఎండ కళ్లలో కొడుతుంది, తూర్పున కడితే సౌండ్ సరిచూసుకునే సమయంలో కళాకారులకు కొడుతుంది. వేదిక వెనుక పెద్ద ఫ్లెక్సీ కట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి ఈదురుగాలి లేచినప్పుడు ఆ ఫ్లెక్సీ తెరచాపలా గాలిని పట్టి మొత్తం చట్రాన్నే లాగేస్తుంది. తెర కావాలంటే గాలి దూరే వల గుడ్డ వాడాలి. ఉరుములు వినిపించగానే సభ ఆపి, కరెంటు తీసి, జనాన్ని పక్కా భవనంలోకి పంపే బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. ఆ వ్యక్తి ఫోన్‌లో పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఉండాలి, ఆ నిర్ణయాన్ని మరెవరూ మార్చకూడదు.

ఎండ వాద్యాలను ఒక్కో తీరున మారుస్తుంది. గిటారు ఉక్కు తీగలు వేడికి సాగి శ్రుతి దిగుతుంది. డప్పు, జమిడిక వంటి తోలు వాద్యాలు పొడి వేడికి బిగిసి పైకెక్కుతాయి. మధ్యాహ్నం మూడింటికి శ్రుతి చేసి వేదిక మీద వదిలేసిన వాద్యాలు ఏడింటికి ఒకదానితో ఒకటి కలవవు. వాటిని నీడలో ఉంచి, ఆరు గంటల తరువాతే సౌండ్ సరిచూసుకోవాలి. వానపడిన సాయంత్రమైతే తోలు మెత్తబడుతుంది కాబట్టి డప్పు కళాకారులు మంట మీద కాచుకోవడానికి వేదికకు దూరంగా, గాలి జనం వైపు వీచని చోట స్థలం చూపించి, పక్కన ఇసుక బకెట్లు పెట్టాలి. ఈ ఏర్పాటు మరచిపోయే నిర్వాహకులే ఎక్కువ.

సౌండ్ ఇచ్చేవారు ఎక్కువగా పెళ్లి డీజేలకు అలవాటుపడినవారు కాబట్టి బాస్ పెంచడమే పనితనమని భావిస్తారు. మనకు కావలసింది మాట స్పష్టత. ఒగ్గు కథలో కథకుడు ఆడుతూ, తిరుగుతూ, వంతల వైపు మళ్లి మాట్లాడుతూ ఉంటాడు. స్టాండు మైకు ముందు నిలబెడితే సగం కథ చచ్చిపోతుంది. అతనికి తలకు తగిలించే కార్డ్‌లెస్ మైకు, వంతలిద్దరికి ఒక చేతి మైకు, డోళ్లకు దూరంగా ఒకటి చాలు. డప్పులకు ఆరు వందల మంది పట్టే మైదానంలో అసలు మైకే అక్కర్లేదు. జమిడిక, కిన్నెర వంటివి సన్నని గొంతు గలవి. వాటికి వాద్యానికే అంటించే చిన్న మైకు కావాలి. గిటారును డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా నేరుగా మిక్సర్‌కు కలిపితే, మైకు పెట్టినప్పటి కంటే స్పీకర్ల కూత (ఫీడ్‌బ్యాక్) తగ్గుతుంది. లైట్లను, సౌండును ఒకే ఫేజ్ మీద పెడితే స్పీకర్లలో గుయ్‌మనే చప్పుడు రావచ్చు. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించిన తరువాతే గాయకుడి చేతికి మైకు ఇవ్వాలి.

ఇక వరుస. డప్పుతో మొదలుపెట్టాలి, పది నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు, వేదిక మీద కాదు, జనం మధ్యలో. తరువాత జమిడిక లేదా శారద కథ వంటి మెల్లని కళారూపం, ఆపైన బ్లూస్, చివరి గంట ఒగ్గు కథకు. పట్నం నుంచి వచ్చినవారే చివర ఉండాలన్న పట్టింపు చాలామందికి ఉంటుంది. డోళ్లు మోగిన తరువాత ఒంటరి గిటారు ఎంత గొప్పగా వాయించినా వెలవెలబోతుంది కనుక ఈ వరుస గిటారిస్టుకు కూడా మేలు చేసేదే. బ్లూస్‌కు ముందు వ్యాఖ్యాత రెండు నిమిషాల్లో ఆ మూడు పాదాల పద్ధతిని తెలుగులో చెప్పి, ప్రతి పాటకు ముందు దాని తాత్పర్యాన్ని రెండు వాక్యాల్లో వినిపిస్తే చాలు; కథకుడి మాటకు వంత పలకడం వింటూ పెరిగినవారికి గిటారు జవాబు ఎక్కడ వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథుల ప్రసంగాలు అన్నీ కలిపి పది నిమిషాలు దాటకూడదు. మే నెల గాలికి ఆ జ్యోతి ఎలాగూ నిలవదు.

అందరూ కలిసి ఒక పాట వాయించాలని ఉంటే, దానిని వేదిక మీద అప్పటికప్పుడు చేయమనకూడదు. ముందురోజు రాత్రి రెండు గంటలు కలిసి కూర్చునే ఏర్పాటు చేయాలి. ఒగ్గు బృందంతో సన్నాయి వంటి ఊదే వాద్యమైన నఫీరీ ఉంటే దాని శ్రుతి మారదు కనుక గిటారిస్టే గిటారు మెడకు కాపో అనే బిగింపు పెట్టి ఆ శ్రుతికి రావాలి. బ్లూస్‌లోని షఫుల్ నడక మూడేసి మాత్రలుగా ఊగుతుంది, అదే ఊపున్న దరువులు డప్పులో దొరుకుతాయి. అక్కడి నుంచి మొదలుపెట్టమని చెప్పాలి. లోహపు గొట్టంతో తీగ మీద జారుతూ వాయించే స్లైడ్ గిటారుకు, తీగను బిగించి వదులుతూ స్వరాన్ని వంచే జమిడికకు మధ్య సంభాషణ నడిస్తే ఆ ఐదు నిమిషాలే చాలు, మిగతా వాద్యాలను బలవంతంగా చేర్చనవసరం లేదు.

పారితోషికం బృందానికి ఎంత, ఎందరు వస్తారు, ప్రయాణ ఖర్చు అందులో కలిసిందా లేదా అన్నది కాగితం మీద రాసుకోవాలి. గిటారిస్టుకు హోటల్ గది, ఒగ్గు బృందానికి స్కూలు వరండా అన్న తేడా పనికిరాదు. మహిళా కళాకారులకు తలుపు గడియ పడే గది, మరుగుదొడ్డి ఉండాలి. వేదిక ఎక్కేముందు అందరికీ మజ్జిగ, తేలికపాటి తిండి పెట్టి, భోజనం సభ తరువాత వడ్డించాలి. మొత్తం డబ్బును బృందం బండి ఎక్కకముందే చెల్లించాలి. స్పాన్సర్ చెక్కు రాలేదన్నది కళాకారుడి సమస్య కాదు.

వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశముంటే ఆ మాట పారితోషికం మాట్లాడేటప్పుడే చెప్పాలి. కథంతా పెట్టడం ఇష్టంలేని బృందాలుంటాయి, ఎందుకంటే అదే కథ మరో ఊరిలో వారికి తిండి పెడుతుంది. అప్పుడు ఐదు నిమిషాల భాగానికే ఒప్పుకోవాలి. తీసిన రికార్డింగ్ పూర్తి ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వేసి బృంద నాయకుడికి వారం లోపల పంపాలి.