రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు: ఎప్పుడు, ఎలా, రిపోర్టు వచ్చాక ఏం చేయాలి

ఏ బాధా లేనప్పుడు చేయించుకునేదే స్క్రీనింగ్. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్టు ఆగిపోయిన ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రక్తస్రావమైనా స్క్రీనింగ్ దశ దాటిపోయినట్టే. అప్పుడు వైద్య శిబిరం ఎప్పుడు పెడతారా అని చూడొద్దు. ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించుకోవాలి.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఈ రెండు పరీక్షలూ ఐదేళ్లకోసారి చేయాలి. ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ ఏఎన్‌ఎంను గానీ అడగండి.

గర్భాశయ ముఖద్వారం

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కలయిక ద్వారా సోకే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే వైరసే కారణం. సుమారు 70 శాతం కేసులు ఈ వైరస్‌లోని 16, 18 రకాల వల్లే వస్తాయి. వైరస్ లోపల తిష్ఠ వేసినా క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15–20 ఏళ్లు పడుతుంది. పరీక్షతో పట్టుకోగలిగేది ఆ వ్యవధిలోనే. హెచ్‌ఐవీ ఉండి చికిత్స తీసుకోని వారిలో ఈ వ్యవధి 5–10 ఏళ్లకు కుదించుకుపోతుంది, కాబట్టి హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలి.

పరీక్షలు మూడు రకాలు. వీఐఏలో ముఖద్వారానికి 3–5 శాతం అసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లటి మచ్చ తేలిందేమో చూస్తారు. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ ముట్టు ఆగాక చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి 50 దాటిన వారికి దీన్ని నమ్ముకోలేం. పాప్ స్మియర్‌లో కణాలను బ్రష్‌తో తీసి ల్యాబ్‌కు పంపుతారు. హెచ్‌పీవీ పరీక్ష వైరస్‌నే వెతుకుతుంది. మూడింట్లో తప్పిపోయే అవకాశం దీనికే తక్కువ. ఖర్చు భరించగలిగితే ఇదే ఎంచుకోండి.

నెలసరి మొదలైన 10వ రోజు నుంచి 20వ రోజు మధ్య వెళ్లడం మంచిది. అంతకు ముందు రెండు రోజులు కలయిక వద్దు, యోనిలో పెట్టే మాత్రలు, క్రీములు వద్దు, లోపల నీళ్లతో కడగొద్దు. రక్తమో క్రీమో అడ్డొస్తే స్మియర్ పనికిరాక మళ్లీ రమ్మంటారు. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలే. స్పెక్యులమ్ (ముఖద్వారం కనబడేలా యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టేటప్పుడు నడుము బిగబట్టకుండా మెల్లగా ఊపిరి వదిలితే నొప్పి తగ్గుతుంది.

హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఎక్కువ మందిలో రెండేళ్లలోపు వైరస్ దానంతటదే పోతుంది. అది ఎప్పుడు సోకిందో ఆ రిపోర్టు చెప్పదు, ఏళ్ల కిందటిదీ కావచ్చు. కాబట్టి దాన్ని పట్టుకుని ఇంట్లో ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు. తర్వాత కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకు పంపుతారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులుంటే వేడితోనో అతిశీతలంతోనో ఆ భాగంలోని కణాలను చంపేస్తారు, చాలామంది అదే రోజు ఇంటికెళ్లిపోతారు. పరీక్ష చేయించుకుని రిపోర్టు తెచ్చుకోకపోవడం, తెచ్చుకున్నా కాల్పోస్కోపీకి వెళ్లకపోవడం... ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే.

తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు చాలామంది ఉన్నారు. ముఖద్వారం కూడా తీశారో లేదో డిశ్చార్జ్ కాగితంలో చూడండి. ఉంచేసి ఉంటే పరీక్ష మామూలుగానే కొనసాగాలి. అన్నట్టు, తెల్లబట్ట అవుతోందని క్యాన్సర్ భయంతో గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే, ముందు ఈ పరీక్ష చేయించి మరో డాక్టర్‌ను అడగండి.

ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా 9–14 ఏళ్ల మధ్య వేయిస్తే మేలు. టీకా వేయించుకున్నవారికీ 30 దాటాక పరీక్ష తప్పదు.

రొమ్ము

తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు రావడం, మొదటి కాన్పు 30 దాటాక కావడం, పాలివ్వకపోవడం, ముట్టు ఆగాక బరువు పెరగడం, మద్యం... వీటితో ముప్పు పెరుగుతుంది. ఇవేవీ లేనివారికీ వస్తుంది.

నెలసరి మొదలైన 7–10 రోజులకు రొమ్ములు మెత్తబడతాయి, అప్పుడు చూసుకోండి. ముట్టు ఆగినవారు నెలకో తేదీ పెట్టుకోవాలి. అద్దం ముందు చేతులెత్తి సొట్ట, నారింజ తొక్కలాంటి చర్మం, కొత్తగా లోపలికి పోయిన చనుమొన ఉన్నాయేమో చూడాలి. తర్వాత పడుకుని మూడు వేళ్ల మెత్తటి భాగంతో, వేళ్ల కొసలతో కాకుండా, కాలర్ ఎముక నుంచి చంక దాకా తడమాలి. ఇది మీ రొమ్ము తీరు మీకు తెలియడానికే. నర్సు గానీ డాక్టర్ గానీ చేసే పరీక్షకు బదులు కాదు. 40 దాటాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఆ రోజు చంకలో పౌడర్, డియోడరెంట్ రాసుకోవద్దు. ఫిల్మ్‌లో అవి సున్నపు చుక్కల్లా కనిపిస్తాయి. 40 లోపు రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి అల్ట్రాసౌండ్ నయం.

నొప్పి లేదు కదా అని గడ్డను వదిలేయడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. క్యాన్సర్ గడ్డ తొలిదశలో చాలావరకు నొప్పి పెట్టదు. గడ్డలో సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి భయం, సూదితో గడ్డలోంచి కొద్దిగా తీసి చూసే పరీక్ష లేనిదే చికిత్స ఖరారు కాదు. ఆ పరీక్ష చేయకుండానే చిన్న ఆపరేషన్‌తో గడ్డ తీసేస్తామంటే ఒప్పుకోకండి. ఇప్పటికే తీసేసి ఉంటే, ఆ ముక్కను బయాప్సీకి (ల్యాబ్‌లో క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకు) పంపారా అని అడిగి రిపోర్టు, స్లైడ్లు, బ్లాకు (మైనంలో భద్రపరచిన ముక్క) మీ దగ్గర పెట్టుకోండి. పెద్దాసుపత్రిలో మొదట అడిగేవి అవే.