నార్వే ఆర్ట్ రెసిడెన్సీకి బెజవాడ, గుంటూరుల నుంచి దరఖాస్తు చేసుకోవడం

నార్వేలో ఎక్కడో ఒకచోట రెసిడెన్సీ (కళాకారులు కొన్నాళ్లు ఉండి పని చేసుకునే ఏర్పాటు) దొరికితే చాలని అన్ని కేంద్రాలకీ ఒకే దరఖాస్తు పంపేవాళ్లకి జవాబులన్నీ ఒకేలా వస్తాయి. అక్కడ దరఖాస్తుల్ని ఎంపిక చేసే జ్యూరీల్లో కూర్చునేది చాలావరకు పని చేస్తున్న కళాకారులే. ఓస్లోలోని కున్స్‌ట్‌నెర్నెస్ హూస్ అనే ప్రదర్శనశాలని 1930లో కళాకారులే కట్టించుకున్నారు. ఆ దేశంలో ఇది పాత అలవాటు. అందుకే దరఖాస్తు చదివేవాళ్లు చూసేది ఒకటే: ఈ మనిషికి మా వర్క్‌షాపుతో, మా ఊరితో ఏం పని? కాబట్టి ముందు మీ మాధ్యమం చూసుకోండి, తర్వాత దానికి తగిన చోటు, ఆ తర్వాతే ఫారం.

మొదట కొన్ని పేర్లు పక్కన పెట్టేయొచ్చు. ఓస్లోలో 2021లో కొత్త భవనంలోకి మారిన మూంక్ మ్యూజియం, 2022 జూన్‌లో తెరిచిన కొత్త నేషనల్ మ్యూజియం, క్రిస్టియన్‌సాండ్‌లో పాత ధాన్యం సైలోని (నిల్వ గోపురాన్ని) మ్యూజియంగా మలిచి 2024లో తెరిచిన కున్స్‌ట్‌సైలో, ఇవన్నీ చూడాల్సిన చోట్లు. పోర్ట్‌ఫోలియో పంపాల్సిన చోట్లు కావు. ఓకా పేరుతో పిలిచే ఆఫీస్ ఫర్ కాంటెంపరరీ ఆర్ట్ నార్వేని 2001లో అక్కడి సాంస్కృతిక, విదేశాంగ శాఖలు కలిసి పెట్టాయి. దాని ప్రధానమైన పని నార్వే కళాకారుల్ని బయటికి పంపడం, బయటి క్యురేటర్లని (ప్రదర్శనలు రూపొందించేవాళ్లని) అక్కడికి రప్పించడం, వెనిస్ బినాలె అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలో నార్వే తరఫు బాధ్యత చూడటం. 'మాకు గ్రాంట్ ఇప్పించండి' అని ఓకాకి మెయిల్ రాస్తే ఫలితం ఉండదు. వాళ్ల వెబ్‌సైట్‌లో వచ్చే ప్రకటనలు మాత్రం చూస్తూ ఉండండి.

ఇక అడగాల్సిన చోట్లు.

డాలె అనే ఊళ్లో ఉన్న నార్డిక్ ఆర్టిస్ట్స్ సెంటర్, పొట్టిగా ఎన్‌కేడీ, మనలాంటి వాళ్లు ముందుగా చూడాల్సింది. ఉండటానికి ఇల్లు, పనికి స్టూడియో, స్టైపెండ్ (ఖర్చులకి భత్యం), ప్రయాణానికి కొంత సాయం కలిపి ఇచ్చే కొద్ది కేంద్రాల్లో ఇదొకటి. చిత్రకారులతో పాటు డిజైనర్లూ ఆర్కిటెక్టులూ కూడా పెట్టుకోవచ్చు. పోటీ గట్టిగానే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: పశ్చిమ నార్వేలో డాలె పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి బెర్గెన్ రైలు మార్గం మీద, స్వెటర్లకి పేరున్న ఊరు. రెసిడెన్సీ ఉన్నది సున్‌ఫియోర్డ్ ప్రాంతంలోని ఇంకో డాలెలో. అక్కడికి రైలు లేదు, బెర్గెన్ నుంచి బస్సో వేగపడవో పట్టుకోవాలి. మ్యాప్‌లో మొదట కనబడిన డాలెకి టికెట్ కొంటే తప్పు స్టేషన్లో దిగుతారు.

ప్రింట్ మీద పని చేసేవాళ్లకి బెర్గెన్. లిథోగ్రఫీ, ఎచింగ్, సిల్క్‌స్క్రీన్ లాంటివాటికి త్రిక్కెరీయె అనే ప్రింట్ వర్క్‌షాపు ఉంది. పెడన అచ్చుదిమ్మెలతో పని తెలిసినవాళ్లు ఇలాంటి చోటికి 'బట్ట మీద వేసే అచ్చుని కాగితం మీద, ప్రెస్ కింద ఎలా మార్చాలో చూస్తాను' అని రాస్తే చదివేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. గాజు పని చేసేవాళ్లకి అదే ఊళ్లో ఎస్-12 ఉంది. పాత సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో నడిచే యూఎస్ఎఫ్ అనే కళా కేంద్రంలోనూ, హోర్దలాండ్ కున్స్‌ట్‌సెంటర్‌లోనూ అతిథి కళాకారుల కార్యక్రమాలు ఉంటాయి. బెర్గెన్‌లో ఏడాదికి రెండొందల రోజులకి పైగా వాన పడుతుంది. ఆరుబయట స్కెచింగ్ మీద ఆధారపడిన ప్రాజెక్టు అయితే ఆ ఊరు పెట్టుకోకపోవడమే మేలు.

చెక్క, లోహం, మట్టి పని ఉన్నవాళ్లు ట్రాండ్‌హైమ్‌లో పాత బడి భవనంలో ఉన్న లాదెమూయెన్ కళాకారుల వర్క్‌షాపులని (ఎల్‌కేవీ) చూడండి. కొండపల్లి పద్ధతిలో చెక్కేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: తెల్ల పొణికి అక్కడ దొరకదు. అక్కడ చవగ్గా దొరికేవి స్ప్రూస్, పైన్, బర్చ్. స్ప్రూస్, పైన్ మెత్తనివే అయినా ఈనెలు గట్టిగా ఉంటాయి, ఉలి పక్కకి లాగుతుంది. చింతగింజ జిగురు, రంపప్పొట్టు కలిపిన మక్కు ఆ చెక్క మీద ఎలా పడుతుందో ఇక్కడే పైన్ ముక్క మీద చేసి చూసి, ఆ ఫోటో దరఖాస్తులో పెట్టండి. ఒక్క ఫోటోతో సగం ప్రశ్నలు తీరిపోతాయి.

ఉత్తరానికి వెళ్తే లోఫోటెన్ దీవుల్లో స్వోల్వేర్ ఉంది. అక్కడ నార్త్ నార్వేజియన్ ఆర్ట్ సెంటర్, కళాకారుల ఇల్లు రెండూ ఉన్నాయి. 1991లో మొదలైన లోఫోటెన్ అంతర్జాతీయ ఆర్ట్ ఫెస్టివల్ కూడా ఆ ప్రాంతానిదే. రష్యా సరిహద్దు పక్కన కిర్కెనెస్‌లో పికెనె పో బ్రూయెన్ అనే సంస్థ సరిహద్దుల మీద పని చేసేవాళ్లని పిలుస్తుంది. చిన్న ఊళ్లలో హార్డాంగర్ తీరాన ఓల్విక్‌లోని మెస్సెన్, కొండల్లో లెవెల్డ్, ఈ రెండు రెసిడెన్సీలు కూడా చూడదగ్గవి. ఉత్తరానికి నెల ఎంచుకునేటప్పుడు వెలుతురు లెక్క వేసుకోండి. స్వోల్వేర్‌లో డిసెంబరు మొదటి వారం దాటాక సుమారు నెల రోజులు సూర్యుడు పైకి రాడు. ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బ్యూన్‌లో అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అంతే. పగటి వెలుతురులో రంగులు కలిపేవాళ్లకి ఆ నెలలు దండగ. తోలుబొమ్మలాటతో, దీపంతో, తెరతో పని చేసేవాళ్లకి అంతకంటే మంచి కాలం దొరకదు. ఆ మాట దరఖాస్తులో నేరుగా రాయొచ్చు.

ఉత్తరాది ఆదివాసులైన సామీ ప్రజల ప్రాంతం గురించి ఒక మాట. వాళ్ల నమూనాలని మన డిజైన్లో కలుపుతామని రాసిన ప్రాజెక్టుని అక్కడ గట్టిగా ప్రశ్నిస్తారు. 2022 వెనిస్ బినాలెలో నార్డిక్ పెవిలియన్‌నే (ఆ దేశాల ప్రదర్శనశాలనే) సామీ పెవిలియన్‌గా మార్చిన దేశం అది. కరాషోక్‌లో సామీ సమకాలీన కళా కేంద్రం ఉంది. ముందు వాళ్లతో మాట్లాడి, ఎవరితో కలిసి పని చేస్తున్నారో పేరుతో చెప్పగలిగితేనే ఆ విషయం ఎత్తండి.

డబ్బు సంగతి. ప్రకటన చదివేటప్పుడు నాలుగు ముక్కలు వెతకండి: బస ఉచితమా, స్టైపెండ్ ఉందా, ప్రయాణ ఖర్చు ఇస్తారా, సామగ్రికి విడిగా ఇస్తారా. 'స్టూడియో ఉచితం' అంటే మిగతా మూడూ మీవే. తిండి ఖర్చు అక్కడ బాగా ఎక్కువ. వంటగది లేని చోటు మనవాళ్లకి పనికిరాదు. నార్డిక్ కల్చర్ పాయింట్ అనే సంస్థ ఇచ్చే ప్రయాణ గ్రాంట్లు నార్డిక్ (నార్వే, స్వీడన్ లాంటి ఉత్తర ఐరోపా), బాల్టిక్ దేశాల్లో ఉండేవాళ్లకి. మన ఊరి నుంచి వ్యక్తిగతంగా పెట్టుకుంటే చెల్లవు. నెలకి ఇంతని రుసుం తీసుకునే రెసిడెన్సీలు కూడా ఉన్నాయి. అక్కడ మాత్రమే ఉన్న యంత్రం మీకు కావాల్సి వస్తే తప్ప మొదటిసారి వాటి జోలికి పోకండి.

దరఖాస్తు కట్టలో సాధారణంగా అడిగేవి ఒక పేజీ ప్రాజెక్టు వివరణ, రెండు పేజీల సీవీ, పది పదిహేను చిత్రాల పీడీఎఫ్. సైజు పరిమితి చాలాచోట్ల 10 ఎంబీ లోపే ఉంటుంది. ఫోన్‌లో తీసిన ఫోటోలని నేరుగా పెడితే 60 ఎంబీ అయి ఫారం ఆగిపోతుంది. ఒక్కో చిత్రం పొడుగు వైపు 1,600 పిక్సెళ్లకి కుదిస్తే చాలు. ప్రతి చిత్రం కింద పేరు, సంవత్సరం, మాధ్యమం, సెంటీమీటర్లలో కొలత. అంగుళాలు వద్దు.

మన బయోడేటా అక్కడి సీవీ కాదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, అన్నీ తీసేయండి. మంత్రిగారి చేతుల మీదుగా శాలువా కప్పించుకున్న ఫోటో ఎంత బాగా వచ్చినా సరే, అది కూడా. ప్రదర్శనలు, వర్క్‌షాపులు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఇవి వరసగా ఉంటే సరి. కుటుంబ వృత్తిలో నేర్చుకుంటే ఏ ఊళ్లో, ఎన్నేళ్లు అన్నది రాయండి. కాలేజీ డిగ్రీ లేకపోవడం అడ్డంకి కాదు.

ప్రాజెక్టు పేజీలో ఉత్తర కాంతుల నుంచి, ఫియోర్డుల (కొండల మధ్య సముద్రపు పాయల) నుంచి ప్రేరణ పొందుతామన్న వాక్యం కొట్టేయండి. జ్యూరీ దాన్ని చదివీ చదివీ విసిగిపోయి ఉంటుంది. మొదటి రెండు వారాలు ఏం చేస్తారు, ఏ పరికరం కావాలి, ఎంత బల్ల కావాలి, చివరికి ఏం తయారవుతుంది, వీటికి జవాబులు ఆ పేజీలో ఉండాలి. ఇంగ్లిషు పొడిపొడిగా ఉన్నా ఫర్వాలేదు. తెలుగులో రాసి ఎవరిచేతనైనా తర్జుమా చేయించినా ఫర్వాలేదు. అబద్ధపు గంభీరం ఉంటేనే ఇబ్బంది.

గడువు రాత్రి 23:59 అంటే అది నార్వే సమయం. చలికాలంలో మనకి తెల్లారి 4:29, వేసవిలో 3:29. ఆ ధీమాతో చివరి గంట దాకా ఆగకండి, అప్పుడే సర్వర్ మొండికేస్తుంది. జూలైలో నార్వేలో చాలా ఆఫీసులు సెలవులో ఉంటాయి. ఆ నెలలో పంపిన మెయిల్‌కి జవాబు ఆగస్టులో వస్తే కంగారు పడొద్దు. ఫలితం వచ్చాక రెసిడెన్సీ మొదలయ్యేది తరచుగా మరుసటి ఏడాదే.

వీసా

ఎంపికయ్యాక అసలు పరుగు మొదలవుతుంది. 90 రోజుల లోపు అయితే షెంగెన్ విజిటర్ వీసా, అంటే నార్వేతో పాటు చాలా ఐరోపా దేశాలకి కలిపి చెల్లే వీసా. ఏ 180 రోజుల్లోనైనా మొత్తం 90 రోజులే, కాబట్టి అంతకు ముందు ఫ్రాన్స్ టూరుకి వెళ్లిన రోజులు కూడా ఇందులో లెక్కకొస్తాయి. 90 దాటితే నివాస పర్మిట్ కావాలి, అది వేరే దారి, చాలా ఎక్కువ సమయం. మొదటిసారి వెళ్లేవాళ్లు 85 రోజులకి మించకుండా అడగడం తెలివైన పని, రానూపోనూ రెండు మూడు రోజులు అందులోనే సర్దుకోవాలి.

ముందు పిలుపు ఉత్తరం. అందులో తేదీలు, బస చిరునామా, ఎవరు దేనికి డబ్బు ఇస్తారు, స్టైపెండ్ నెలకి ఎంత, మిమ్మల్ని ఏ పనికి పిలిచారు, ఇవన్నీ ఉండాలని కేంద్రాన్ని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, వాళ్లకి ఇది మామూలే. మనవాళ్లకి ఎక్కువ దెబ్బ తగిలేది పేరు దగ్గర. దరఖాస్తులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఉత్తరానికీ పాస్‌పోర్టుకీ పొంతన కుదరదు. మొదటి రోజు నుంచే పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

నార్వే ఇమిగ్రేషన్ సంస్థ యూడీఐ పోర్టల్లో ఫారం నింపి రుసుం కార్డుతో అక్కడే కట్టాలి. పెద్దలకి షెంగెన్ రుసుం 90 యూరోలు. వచ్చిన కవర్ లెటర్ ప్రింట్ తీసుకుని, వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకుని వేలిముద్రలు ఇవ్వాలి. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే ముందురోజు రాత్రే బయల్దేరండి. తెల్లవారుజాము బస్సు నమ్ముకుని పదింటి అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి 15 రోజులు అంటారు గానీ 45 దాకా పోవచ్చు. రెండున్నర నెలల ముందు ఇస్తే నిశ్చింత.

సొంత ఖర్చుతో ఉండేవాళ్లు రోజుకి 500 నార్వే క్రోనర్ల లెక్కన డబ్బు చూపించాలి. 90 రోజులకి 45,000 క్రోనర్లు. కేంద్రం బస, స్టైపెండ్ ఇస్తుంటే ఆ ఉత్తరమే మీ బలం. అపాయింట్‌మెంట్‌కి వారం ముందు బావగారు ఖాతాలో వేసిన నాలుగు లక్షలు మాత్రం బలం కాదు, అనుమానం. ఆదాయపు పన్ను కాగితాలు లేని చేతివృత్తివాళ్లు పెహచాన్ కార్డు (ప్రభుత్వం ఇచ్చే చేతివృత్తి గుర్తింపు కార్డు), సంఘం ఉత్తరం, అమ్మకాల బిల్లులు కలిపి పెట్టండి. బీమా కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ అంతటా చెల్లేది ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా మిగలాలి.

స్వాల్‌బార్డ్‌కి వెళ్లేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆ దీవులకి వీసా అక్కర్లేదు, కానీ అవి షెంగెన్ బయట ఉన్నాయి. ఓస్లో మీదుగా వెళ్లి అదే దారిలో రావాలి కాబట్టి రెండుసార్లు ప్రవేశం ఉన్న షెంగెన్ వీసా అడగాలి. ఒక్కసారి ప్రవేశం ఉన్న వీసాతో వెళ్తే తిరుగుదారి మూసుకుపోయినట్టే.

సామాను

టర్పెంటైన్, వార్నిష్, ఫిక్సేటివ్ స్ప్రే విమానంలో ఎక్కనివ్వరు. అక్కడే కొనుక్కోండి. ఆయిల్ రంగుల ట్యూబులకి తయారీదారు భద్రతా పత్రం ప్రింట్ వెంట ఉంచుకుంటే తనిఖీలో వాదన తగ్గుతుంది. ఎర్రచందనంతో చేసినవి, జింక తోలు బొమ్మలు పాతవైనా సరే పెట్టెలో పెట్టొద్దు, చట్టం ఒప్పుకోదు. మేక తోలు బొమ్మలకైతే కస్టమ్స్‌లో ఏ కాగితం కావాలో కేంద్రం ద్వారా ముందే కనుక్కోండి.

నార్వే షెంగెన్‌లో ఉంది గానీ యూరోపియన్ యూనియన్ కస్టమ్స్‌లో లేదు. ప్రదర్శనకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చే విలువైన పనులుంటే వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నె (వస్తువుల్ని సుంకం లేకుండా తాత్కాలికంగా తీసుకెళ్లే పత్రం) తీసుకోండి. కొన్ని స్కెచ్‌లకైతే అంత హడావుడి అవసరం లేదు. కొలతలు, ఫోటోలు, విలువ రాసిన జాబితా ఒకటి చేతిలో ఉంటే చాలు. తిండి విషయంలో ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి గట్టిగా మూత వేసి తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, ఎండు మాంసం వద్దు: మన దేశం నుంచి పాల, మాంసం పదార్థాలు తేవడానికి అక్కడ అనుమతి లేదు. పూతరేకులు కూడా నెయ్యి లెక్కలోకే వస్తాయి, పాపం.

పిలుపు ఉత్తరం, బీమా, తిరుగు టికెట్ చేతిసంచిలో ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే షెంగెన్ తనిఖీ అక్కడే జరుగుతుంది, పెట్టె అప్పుడు మీ దగ్గర ఉండదు. దిగేది శనివారం సాయంత్రమైతే దారిలోనే బియ్యం, కూరగాయలు కొనుక్కోండి, ఆదివారం ఎక్కువ దుకాణాలు మూసేస్తారు. ఆంబులెన్స్‌కి 113, పోలీసుకి 112, అగ్నిమాపకానికి 110. తిరిగొచ్చే ముందు అక్కడ చేసిన పనుల జాబితాని కేంద్రం లెటర్‌హెడ్ మీద సంతకంతో తీసుకోండి, శంషాబాద్‌లో పెట్టె తెరవమన్నప్పుడు చూపించాల్సింది అదే.