యాసంగి వడ్ల కొనుగోళ్లకు ముందు ఆఫీసు గ్రూపుల అనుమతుల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద యాసంగి (రబీ) కోతలు మొదలైన నాటి నుంచి మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు ప్రాంతాల్లోని మిల్లుల ఆఫీసులకూ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ, వాటి లెక్కలు చూసేవారికీ తీరిక ఉండదు. కాంటా వేసిన బస్తాలు, తేమ శాతం, బయల్దేరిన లారీలు, రైతుల బ్యాంకు ఖాతాలు ఇప్పుడు చాలా చోట్ల గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనో ఉన్న ఉమ్మడి ఫైళ్లలోకే ఎక్కుతున్నాయి. ఈ సీజన్ కోసమే తీసుకున్న డేటా ఎంట్రీ ఆపరేటర్లను మొదటి రోజు పొద్దున్నే పాత గ్రూపులో (అంటే పలువురి పేర్లను ఒకే చిరునామా కింద చేర్చి, ఫైళ్లను అందరికీ ఒకేసారి ఇచ్చే ఏర్పాటులో) చేర్చి పనిలో దింపడం ఒక అలవాటుగా మారింది. ప్రమాదం ఆ అలవాటులోనే ఉంది. గ్రూపులో ఒక మనిషిని చేర్చినప్పుడు ఆ రోజు పనికి కావలసిన ఒక్క షీట్ మాత్రమే వారికి కనిపిస్తుందని మనం అనుకుంటాం. కానీ ఆ గ్రూపు పేరు మీద ఇన్నేళ్లుగా ఎవరెవరు ఏయే ఫైళ్లను, ఏయే ఫోల్డర్లను షేర్ చేశారో అవన్నీ ఆ క్షణం నుంచి వారికి తెరుచుకుంటాయి.

గూగుల్ గ్రూపు పేజీ తెరిస్తే సభ్యుల పేర్లు, సెట్టింగులు కనిపిస్తాయి గాని, ఆ గ్రూపుకు షేర్ చేసిన ఫైళ్ల జాబితా అక్కడ ఉండదు. అందువల్ల గ్రూపు నడిపేవారికే దాని ద్వారా ఏమేమి అందుతున్నాయో తెలియకపోవచ్చు. నిరుటి జీతాల షీట్ ఒకటి, బ్యాంకు రుణం కోసం తయారుచేసిన కాగితాల ఫోల్డర్ ఒకటి, ఎప్పుడో ఎవరో అవసరానికి షేర్ చేసి మరచిపోయినవి అందులో ఉండవచ్చు. మాటల విషయం కూడా ఇంతే: టీమ్స్‌లో అందరికీ ఉండే సాధారణ ఛానెల్‌లోకి కొత్తగా వచ్చిన సభ్యుడు అంతకుముందు జరిగిన సంభాషణను, అక్కడ పెట్టిన ఫైళ్లను చూడగలడు. కాబట్టి పాత గ్రూపును శుభ్రం చేయడానికి కూర్చోవడం కంటే, ఈ యాసంగి పేరుతో, సంవత్సరంతో సహా, కొత్త గ్రూపు ఒకటి తెరిచి, దానికి కావలసిన ఫైళ్లను మాత్రమే ఒక్కొక్కటిగా ఇవ్వడం మేలని నా అభిప్రాయం. శుభ్రం చేసే పని కూడా తప్పక చేయవలసిందే, కాని దానికి వానలు మొదలైన తరువాత తీరిక దొరుకుతుంది.

గ్రూపులో మరో గ్రూపు సభ్యురాలిగా ఉండే ఏర్పాటును ప్రత్యేకంగా చూసుకోవాలి. లోపలి గ్రూపులోని వారందరికీ బయటి గ్రూపు అనుమతులు అందుతాయి. పైన సభ్యుల పట్టికలో మాత్రం ఒక్క పేరే కనిపిస్తుంది. మన ప్రాంతంలో దీనికి మరో చిక్కు తోడైంది. 2016 అక్టోబరు 11న నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అదే రోజున, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వేరయ్యాయి. అంతకుముందు తెరిచిన గ్రూపుకు ‘నల్గొండ’ అని పేరుంటే అందులో సూర్యాపేట, కోదాడ ఉద్యోగులు ఇంకా ఉండవచ్చు. తరువాత చేరినవారు అది నేటి జిల్లాకే పరిమితమనుకొని ఫైళ్లు షేర్ చేస్తారు. పేరు చూసి నమ్మకుండా సభ్యుల పట్టికను లోపలి గ్రూపుల దాకా తెరిచి చదవాలి. కొత్త గ్రూపుకు జిల్లా పేరుతో పాటు కొనుగోలు కేంద్రం పేరు, పని పేరు కూడా పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త రైతుల వివరాలకు కావాలి. పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఖాతా నంబరు, రావలసిన డబ్బు ఒకే చోట ఉన్న షీట్ మోసగాళ్ల చేతిలో పడితే, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసి రైతును నమ్మించడానికి వారికి ఇంకేమీ అవసరం ఉండదు. కౌలురైతుల విషయం ఇంకా సున్నితం: ఎవరి భూమిని ఎవరు సాగు చేశారో, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోందో చూపే పట్టిక ఊళ్లో చేతులు మారితే, కౌలు పోయే ప్రమాదం ఆ కుటుంబానికే గాని మనకు కాదు. సంస్థ తన దగ్గరున్న వ్యక్తిగత సమాచారాన్ని తగిన భద్రతతో కాపాడాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. భద్రతా ఏర్పాట్లలో వైఫల్యానికి ఆ చట్టంలో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది.

అందువల్ల కాంటా వివరాల షీట్ వేరుగా, ఖాతా నంబర్ల షీట్ వేరుగా, రెండు వేర్వేరు ఫైళ్లుగా ఉండాలి. ఒకే ఫైల్‌లో ఖాతాల నిలువు వరుసను దాచిపెట్టి అది భద్రమనుకోవడం పొరపాటు. షీట్‌ను దాచినా, మార్చకుండా తాళం వేసినా, ఫైల్ కాపీ చేసుకోగలిగినవారు దాన్ని చూడగలరు. ఒక ఫైల్ నుంచి మరో ఫైల్‌లోకి వివరాలు లాగే ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాను కూడా ఇక్కడ వాడకూడదు, ఎందుకంటే ఒకసారి అనుమతి ఇచ్చాక, రెండో ఫైల్‌ను మార్చగలిగే ప్రతి ఒక్కరూ మొదటి ఫైల్‌లోని ఏ భాగాన్నయినా లాక్కోవచ్చు. కాంటా దగ్గర నమోదు చేసేవారికి మొదటి ఫైల్ మార్చే అనుమతి చాలు. ఖాతాల ఫైల్ చెల్లింపులు చూసే ఇద్దరు ముగ్గురికే ఉండాలి. రెంటిలోనూ, ఎడిటర్లు (మార్చే అనుమతి ఉన్నవారు) ఇతరులకు షేర్ చేయగలరనే ఐచ్ఛికాన్ని షేరింగ్ సెట్టింగుల్లోకి వెళ్లి తీసివేయాలి. ఒకే మనిషికి వ్యక్తిగతంగా చూసే అనుమతి, గ్రూపు ద్వారా మార్చే అనుమతి ఉంటే గూగుల్ డ్రైవ్‌లో పెద్ద అనుమతే చెల్లుతుందని గుర్తుంచుకోవాలి. షేర్డ్ డ్రైవ్ (ఒక మనిషి పేరు మీద గాక సంస్థ పేరు మీద ఉండే ఉమ్మడి ఫైళ్ల చోటు) వాడేవారు ఖాతాల ఫైల్‌కు వేరే డ్రైవే పెట్టుకోవడం మంచిది, పై స్థాయిలో ఇచ్చిన అనుమతి లోపలి ఫోల్డర్లకూ దిగుతుంది కనుక.

గ్రూపు సెట్టింగుల్లో ఆహ్వానించినవారే చేరగలిగేటట్లు పెట్టాలి. సంస్థ బయటివారిని చేర్చే ఐచ్ఛికం తెరిచి ఉంటే, అది ఎవరి కోసం తెరిచారో అడగాలి. ఓనర్లుగా ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉండి ఆ ఒక్కరూ సీజన్ మధ్యలో మానేస్తే అనుమతులు సరిచేసే దిక్కు ఉండదు, పదిమంది ఉంటే ఎవరు ఎవరిని చేర్చారో తెలియదు.

సీజన్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది డిగ్రీ చదువుతున్నవారు; సొంత జీమెయిల్‌తోనే పనిచేస్తామంటారు, లేదా ముగ్గురికీ కలిపి ఒకే ఆఫీసు లాగిన్ ఇవ్వమంటారు. రెండోది అసలే వద్దు. షీట్‌లో ఒక బరువు మారినప్పుడు, ఒక పేరు మాయమైనప్పుడు వెర్షన్ హిస్టరీలో (ఫైల్‌లో జరిగిన మార్పుల చిట్టాలో) ఎవరు మార్చారో కనిపిస్తుంది. ముగ్గురికీ ఒకే లాగిన్ ఉంటే అక్కడ ఒకే పేరు కనిపించి, తప్పు చేయనివారి మీద కూడా అనుమానం పడుతుంది. రైతు తన వడ్లకు తూకం తగ్గించారని అడిగిన రోజున ఆ హిస్టరీయే అతనికీ మనకూ సాక్ష్యం. వీలైతే ప్రతి ఒక్కరికీ సంస్థ అకౌంట్ ఇవ్వాలి. వీలు కాకపోతే సొంత జీమెయిల్‌నే అనుమతించి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టించి, వారి పేరు, ఫోన్ నంబరు, ఏ కేంద్రంలో పని, ఎప్పటి వరకు అన్నది ఒక కాగితం మీద రాసిపెట్టాలి. మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌లో లాగిన్ అయి అలాగే వదిలి రావద్దని, వచ్చేస్తే వెంటనే చెప్పమని, చెప్పినందుకు ఎవరూ కోప్పడరని ముందే హామీ ఇవ్వాలి.

లింక్ ఉన్నవారెవరైనా చూడవచ్చనే షేరింగ్‌ను ఈ పనిలో ఎక్కడా వాడకూడదు. లారీ డ్రైవర్‌కు పంపిన లింక్ వాట్సాప్‌లో ఎంత దూరం పోతుందో మన చేతిలో ఉండదు.

గూగుల్‌లో గ్రూపు సభ్యత్వం మార్పులు మామూలుగా త్వరగానే అమలవుతాయి గాని, 24 గంటల దాకా పట్టవచ్చు. కనుక కేంద్రం తెరిచే రోజుకు కనీసం రెండు రోజుల ముందే పేర్లు చేర్చి, కొత్త ఆపరేటర్ అకౌంట్‌తో ఎవరో ఒకరు కూర్చొని, తెరవవలసిన ఫైల్ తెరుచుకుంటోందా అన్నది ఒకసారి, తెరవకూడని ఫైల్ తెరుచుకోవడం లేదా అన్నది రెండుసార్లు పరీక్షించాలి. మొదటిదాన్ని అందరూ చూస్తారు, ఎందుకంటే అది తెరవకపోతే పని ఆగుతుంది. రెండోదాన్ని పనిగట్టుకొని చూస్తే తప్ప ఎవరూ గమనించరు.

తొలగించే తేదీని కూడా చేర్చే రోజునే నిర్ణయించి, రాతలో పెట్టాలి. గ్రూపు నుంచి తీసివేస్తే గ్రూపు ద్వారా వచ్చిన అనుమతి పోతుంది, కాని సీజన్ మధ్యలో తొందరలో ఎవరైనా వారి పేరు మీద నేరుగా షేర్ చేసిన ఫైల్ మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే ముఖ్యమైన ఫైళ్లలో షేరింగ్ జాబితాను విడిగా తెరిచి చూడాలి. సంస్థ అకౌంట్‌ను తీసివేసే ముందు ఆ మనిషి సొంత డ్రైవ్‌లో తయారుచేసిన షీట్ల యాజమాన్యం మరొకరికి మార్చాలి. తొందరపడి తొలగించినా గూగుల్ వర్క్‌స్పేస్‌లో అకౌంట్‌ను 20 రోజుల లోపు, మైక్రోసాఫ్ట్ 365లో గ్రూపును 30 రోజుల లోపు అడ్మిన్ తిరిగి తేగలరు. ఆ గడువు దాటాక ఆ లెక్కలు తిరిగి రావు.

ఏదైనా బయటికి పోయిందని అనుమానం వస్తే ముందు ఆ ఫైల్ షేరింగ్ ఆపాలి, తరువాత ఆ అకౌంట్‌ను అన్ని చోట్లా సైన్ అవుట్ చేయించి పాస్‌వర్డ్ మార్చాలి. ఫైల్‌ను మాత్రం చెరిపివేయకూడదు, ఎవరు ఏ వివరం చూసే అవకాశం ఉందో తేల్చడానికి అది కావాలి. ఆ షీట్‌లో పేర్లున్న రైతులకు అదే రోజు ఫోన్ చేసి, ఓటీపీ ఎవరడిగినా చెప్పవద్దని, డబ్బు పోయినట్లు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయమని చెప్పాలి.